పురస్కారం ఒకరికి, బతుకు మేళమంతటికీ: ఊరూరా కథ చెప్పే కళాకారుల ఆదాయం ఎక్కడ తెగింది?

సంక్షిప్తంగా

తెలంగాణ పల్లెల్లో కథలు చెప్పి, వాద్యాలు వాయించి బతికే ఆశ్రిత కులాల (ఒక్కో కులాన్ని ఆశ్రయించి, ఆ కులపు పురాణం చెప్పే కులాల) కళాకారులకు ఇటీవల గుర్తింపు పెరిగింది. రాబడి మాత్రం దానితోపాటు పెరగలేదు. వాళ్ల బతుకు మొదటి నుంచీ ఆటకు ఇంత, పాటకు ఇంత అనే కూలి మీద నడవలేదు. ఒక కులం మరొక కులానికి తరతరాలుగా చెల్లించిన హక్కు మీద నడిచింది. ఆ హక్కు ఊరితో, కల్లంతో, పోషక కులం చేసే వృత్తితో ముడిపడి ఉండేది. ఆ ముడి విడిపోయాక డోలు విన్యాసం, బొమ్మ, వాద్యం వంటి విడిగా చెల్లుబాటయ్యేవి నిలిచాయి. రాత్రుల తరబడి సాగే కథకు ఆ అవకాశం దొరకలేదు. ఇప్పుడున్న సాయమంతా వ్యక్తికి చేరుతోంది, మేళానికి, అంటే మొత్తం బృందానికి, చేరడం లేదు.

గుర్తింపు పెరిగిన కాలంలోనే

2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు, కోయల వీరగాథలు పాడిన సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ దక్కింది. 2024లో చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య, బుర్రవీణ వాయించే దాసరి కొండప్ప అదే పురస్కారానికి ఎంపికయ్యారు. మూడేళ్ల వ్యవధిలో తెలంగాణ పల్లె కళలకు ఇన్ని పద్మ పురస్కారాలు రావడం అంతకుముందు లేదు. రాష్ట్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో పద్మశ్రీ పొందిన కళాకారులకు తలా 25 లక్షల రూపాయలు, నెలకు 25 వేల రూపాయల పింఛను ప్రకటించింది. అదే ఏడాది, పద్మశ్రీ అందుకున్న ఒక కళాకారుడు కూలి పనికి వెళ్తున్నారన్న వార్త చర్చకు వచ్చింది.

ఆ వార్త చదివిన చాలామంది తప్పు ఎవరిదని వెతికారు. ప్రభుత్వానిదా, అధికారులదా, డబ్బు నిలుపుకోలేని కళాకారుడిదా అన్న చుట్టూనే మాటలు తిరిగాయి. అసలు ఈ కళాకారులు ఇంతకాలం ఎలా బతికారు, ఎవరు తిండి పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న ప్రశ్న పక్కకు పోయింది. ఆ లెక్క తెలియకుండా ఈ చిక్కు అర్థం కాదు.

పాటకు కూలి కాదు, వరుసకు హక్కు

తెలంగాణలో చాలా కులాలకు తమ పురాణం చెప్పే ఆశ్రిత కులం ఒకటి, కొన్నింటికి రెండు మూడు ఉన్నాయి. పద్మశాలీలకు కూనపులివారు భావనారుషి, మార్కండేయుల కథ చెబుతారు. విశ్వబ్రాహ్మణులకు రుంజవారు పెద్ద రుంజ వాద్యం మోగిస్తూ విశ్వకర్మ కథ చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు, గౌడులకు గౌడజెట్టివారు, చాకలివారికి పటంవారు, మంగలివారికి అద్దపువారు, గొల్లలకు మందహెచ్చులవారు, రెడ్లకు పిచ్చుకుంట్లవారు, వైశ్యులకు వీరముష్టివారు ఉన్నారు. మాదిగలకు డక్కలి, చిందు, మాష్టీ కులాలు మూడూ ఆశ్రిత కులాలే. బ్రాహ్మణులకు సైతం ఇంద్రజాలం చూపే విప్రవినోదులు ఉండేవారు.

ఈ జాబితాలో గమనించవలసింది సంఖ్య కాదు, దారి. ఊళ్లోకి వచ్చిన మేళం ఊరందరి దగ్గరా చేయి చాచదు. కూనపులివారి మేళం సాలెల వాడకే వెళుతుంది, డక్కలివారు మాదిగవాడకే వెళతారు. ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి వచ్చి, వాడలో దిగి, కొన్ని రాత్రులు కథ చెప్పి, చివరన తమకు రావలసింది తీసుకుని పై ఊరికి కదులుతారు. రావలసినదానికి త్యాగం, కట్టడి అని పేర్లు. అది ధాన్యం కావచ్చు, మేక కావచ్చు, బట్టలు, ఇత్తడి పాత్రలు, నగదు కావచ్చు. ఇంటికి ఇంత అని కులపెద్దలే వసూలు చేసి ఇచ్చేవారు. కథ బాగుందా లేదా అన్నదాన్ని బట్టి అది మారదు. ఇవ్వకపోతే పరువు పోయేది ఇచ్చేవాడిదే.

ఏ కుటుంబం ఏ ఊళ్లకు వెళ్లాలన్నదీ ముందే తేలి ఉండేది. వాటిని మిరాసీ ఊళ్లు అంటారు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే ఊళ్లు పంచుకునేవారు. ఒకరి మిరాసీలోకి మరొకరు వెళితే కులపంచాయతీ. హక్కుకు రుజువుగా రాగి రేకులు చూపే కుటుంబాలు ఉన్నాయి. అంటే ఊరు ఒక ఆస్తి. అమ్మలేని, దున్నలేని ఆస్తే అయినా, తరం మారినా ఆదాయం ఇచ్చేది.

పోషక కులానికి దీనివల్ల ఏమి దక్కేది? వినోదం అందులో చిన్న భాగమే. పిచ్చుకుంట్లవారు గోత్రాలు, ఇంటిపేర్లు, ఏ కుటుంబం ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చిందీ అప్పజెప్పేవారు. రాతలేని సమాజంలో ఆ మేళం ఒక నడిచే రిజిస్ట్రారు కార్యాలయం. కులం ఎలా పుట్టింది, మనకూ ఒక దేవుడున్నాడా, పై కులాల కన్నా మనం ఎందుకు తక్కువ కాదు అన్న ప్రశ్నలకు జవాబు కూడా ఈ కథల్లోనే దొరికేది. మాదిగల జాంబపురాణంలో సృష్టికి ముందే పుట్టినవాడు జాంబవుడు. వాడ చివర, ఊరికి దూరంగా బతికిన కులం ఏడాదికోసారి ఆ మాట పెద్ద గొంతుతో చెప్పించుకోవడంలోని బలం ధాన్యంతో కొలిచేది కాదు.

ఈ ఏర్పాటును స్వర్ణయుగంగా చూపే రాతలు చాలానే వస్తుంటాయి. అవి సగమే నిజం. పోషకుడు కాదనలేడు, నిజమే. కళాకారుడు వదిలి వెళ్లనూ లేడు. కథ చెప్పే కులంలో పుట్టినవాడికి మరో పని దొరకడం కష్టం, భూమి దాదాపు లేదు. మాదిగవాడకు వచ్చినా డక్కలివారి గుడారం వాడ బయటే పడేది. అంటరానితనం అనుభవించేవారి దగ్గరా అంటరానితనం అనుభవించిన కులం అది. కొత్త తరం ఈ వృత్తి నుంచి పారిపోవడానికి సినిమా, ఫోను ఎంత కారణమో, ఈ జ్ఞాపకం అంతకన్నా పెద్ద కారణం.

ఏడాది లెక్క

మేళం తిరుగుడు పంట మీద ఆధారపడింది. వానాకాలం పంట ఇల్లు చేరాక, సంక్రాంతి ముందు వెనకల్లో మొదలై మృగశిర కార్తె వరకు సాగేది. తొలకరి పడితే వాడలో కూర్చుని కథ వినే తీరిక ఎవరికీ ఉండదు. ఆ వానాకాలమంతా కళాకారుల కుటుంబాలూ నాట్లకు, కలుపులకు కూలికి పోయేవి. వాద్యాలకు తోలు బిగించుకోవడం, పిల్లలకు కథ నేర్పడం ఆ రోజుల్లోనే.

మేళం ఎంతమంది అన్నది ఆదాయాన్ని నిర్ణయించే మరో సంగతి. కిన్నెర వాయించేవాడు ఒంటరిగా తిరగగలడు. బుర్రకథకు ముగ్గురు కావాలి. గుడ్డ మీది బొమ్మలు చూపుతూ చెప్పే పటం కథకు కథకుడు, వంతలు (వంత పాడేవారు), వాద్యగాళ్లు కలిసి అయిదారుగురు. చిందు భాగవతానికి (చిందు యక్షగానానికి) వేషాలు, హంగు కలిపి పదిహేను మందికి పైనే. ఈ మేళాలన్నీ చాలావరకు కుటుంబాలే. భార్య, కోడళ్లు, పిల్లలతో సహా ఊరికి వస్తారు. పోషకులు పెట్టే బియ్యం, పప్పు, కట్టెలు అందరి పొట్టా నింపేవి కాబట్టి, చేతికి వచ్చిన త్యాగం చాలావరకు మిగులు. తిండి ఖర్చు, బస ఖర్చు పోషకుడిది అయినంతకాలం పెద్ద మేళం భారం కాలేదు. అవే ఖర్చులు కళాకారుడి నెత్తిన పడిన రోజున పెద్ద మేళం ముందుగా చెదిరింది. చిందు భాగవతాల బృందాలు తగ్గిపోవడాన్ని ఆ కళ మీద ఆసక్తి తగ్గడంగా మాత్రమే చూస్తే ఈ లెక్క కనబడదు.

కల్లం మాయమైతే

ఆశ్రిత కళలు క్షీణించడానికి టీవీ, సినిమా, డీజే కారణమని చెప్పడం అలవాటైంది. అవి కారణాలే. 1990ల నుంచి టీవీ రాత్రి తీరికను మింగింది, పెళ్లి ఊరేగింపులో మేళం చోటును డీజే తీసుకుంది. కానీ వినేవారు తగ్గినంత మాత్రాన హక్కు చెల్లించడం ఆగనక్కరలేదు. హక్కు వినికిడి మీద ఆధారపడినది కాదు కదా. అది ఆగడానికి వేరే యంత్రాంగం ఉంది.

ఊరి వృత్తులవారికి, ఆశ్రితులకు ధాన్యం పంచే చోటు కల్లం. రాశి కొలిచేటప్పుడే మేరలు తీసి పక్కన పెట్టేవారు. ఇప్పుడు హార్వెస్టర్ పొలంలోనే కోసి, నూర్చి, ట్రాక్టరులో పోస్తుంది. ధాన్యం ఐకేపీ కొనుగోలు కేంద్రానికి పోతుంది, డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది. చాట చేత్తో పట్టుకుని ఒక మేర ధాన్యం ఇవ్వడం వేరు, ఖాతాలో పడిన రూపాయల్లోంచి అయిదు వందలు తీసి ఇవ్వడం వేరు. మొదటిది పంపకం, రెండోది ఖర్చు. ఇచ్చేవాడికి అది దానంలా కనిపించడం మొదలైంది. పుచ్చుకునేవాడికి భిక్షలా అనిపించడం కూడా అక్కడే మొదలైంది.

రెండో కారణం పోషకుల వలస. సాలెలు మగ్గాలు వదిలి భివండి, షోలాపూర్, సూరత్ వెళ్లారు. ఇతర వృత్తికులాల్లోనూ చదువుకున్న పిల్లలు హైదరాబాదుకో, గల్ఫుకో పోయారు. వాడలో వృద్ధులు మిగిలితే మిరాసీ ఊరు పేరుకే మిరాసీ. ఇంటికి ఇంత అని వసూలు చేసే కులపెద్ద అధికారమూ పోయింది. ఒక్క ఇల్లు ఇవ్వకపోతే ఏమీ కాదని తెలిశాక రెండో ఇల్లు, మూడో ఇల్లు ఆగిపోతాయి.

మూడోది అంతగా చర్చకు రాదు. గోత్రాలు చెప్పేవారి అవసరం ఎందుకు పోయింది? కులానికి రుజువు ఇప్పుడు తహసీల్దారు ఇచ్చే కాగితం. కుల గౌరవానికి వేదిక జిల్లా కేంద్రంలోని కుల సంఘ భవనం, సభ, బ్యానరు. వాడలో మూడు రాత్రులు చెప్పే పురాణం చేసిన పనిని ఇవి మరో తీరులో చేస్తున్నాయి. కొన్నిచోట్ల పురాణాల్లోని ఘట్టాలే నేటి కుల సంఘాలకు ఇబ్బందిగా మారాయి. పుట్టుక కథలో శాపమో, మోసమో ఉంటే అది చెప్పవద్దని అడుగుతారు. కథకుడికి ఇచ్చే డబ్బుతోపాటు కథ మీద అధికారమూ చేతులు మారుతోంది.

విడదీయగలిగినది బతికింది

అన్ని కళలూ ఒకేలా దెబ్బతినలేదు. ఈ తేడాలోనే అసలు సంగతి ఉంది.

చేర్యాల పటాన్ని చూడండి. నకాషీ చిత్రకారులు మూడడుగుల వెడల్పున, ముప్ఫై నలభై అడుగుల పొడవున గుడ్డ మీద కథంతా గళ్లు గళ్లుగా గీసి ఇచ్చేవారు. కొనేది కాకిపడగల, కూనపులి, పటంవారు వంటి కథకులు. పటం పాతబడితే కొత్తది గీయించుకునేవారు. కథకుల బేరం తగ్గాక చిత్రకారులు కొత్త కొనుగోలుదారులను వెతుక్కున్నారు. ఒక్కో గడి ఒక్కో చిన్న బొమ్మగా గోడకు ఎక్కింది, ముఖోటాలు, తాళపు గుత్తులు, బహుమతి వస్తువులు వచ్చాయి, చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంత సులువైన దారి కాకపోయినా దారి ఉంది. అదే పటాన్ని కర్రతో చూపిస్తూ కథ చెప్పిన కుటుంబానికి అలాంటి దారి లేదు. బొమ్మ కథ లేకుండా అమ్ముడుపోతుంది. కథకు మాత్రం వాడ, రాత్రి, వినేవాళ్లు మూడూ కావాలి.

తోలుబొమ్మలాట కూడా ఇదే దారిలో నడిచింది. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో బొమ్మల తోలు దీపపు తొడుగులుగా, గోడ అలంకారాలుగా మారి అమ్ముడవుతోంది. ఆట మాత్రం ఉత్సవాలకు పరిమితమైంది.

ఒగ్గుకథ పరిస్థితి దీనికి భిన్నం. కురుమలు, గొల్లలు కొలిచే బీరప్ప, మల్లన్నల కల్యాణం చేయించేది, పట్నాలు (పూజలో వేసే రంగుల ముగ్గులు) వేసేది ఒగ్గువారే. కొమురవెల్లిలో సంక్రాంతి నుంచి ఉగాది దాకా ప్రతి ఆదివారం జాతర సాగుతుంది. మొక్కు ఉన్నంతకాలం ఒగ్గు పూజారికి పని ఉంటుంది. ఇక్కడ కళ పూజలో భాగం కాబట్టి టీవీ దాన్ని పక్కకు నెట్టలేకపోయింది. దానికి తోడు ఒగ్గు డోలు విన్యాసం బోనాల ఊరేగింపుల్లో, పార్టీ సభల్లో, ప్రభుత్వ వేడుకల్లో పది నిమిషాల ప్రదర్శనగా ఇమిడిపోయింది. చుక్క సత్తయ్య వంటి కథకుడికి 2004లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది కథ చెప్పినందుకు. ఇవాళ ఒగ్గు బృందాలకు వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం డోలు కోసం. ఆదాయం దృష్ట్యా ఇది మంచి వార్తే. డోలు పట్టే యువకులకు మల్లన్న కథ మొత్తం రావలసిన అవసరం లేకపోవడం దాని రెండో పార్శ్వం.

రాజస్థాన్‌లోని మాంగణియార్, లంగా కళాకారులతో పోల్చితే ఈ తేడా మరింత స్పష్టం. వాళ్లదీ ఇలాంటి వంశపారంపర్య ఏర్పాటే. ముస్లిం కళాకారులు తమ జజమానుల (పోషకుల) ఇళ్లలో పెళ్లికి, పుట్టుకకు పాడి హక్కుగా కానుకలు పొందుతారు. 1960లో బోరుందా గ్రామంలో రూపాయన్ సంస్థాన్ స్థాపించిన కోమల్ కోఠారీ ఆ సంగీతాన్ని నమోదు చేసి, కళాకారులను దేశవిదేశాల వేదికలెక్కించారు. జైసల్మేర్, జోధ్‌పూర్ పర్యాటకం తోడైంది. భాష రాకపోయినా కమాయిచా అనే తీగవాద్యం మోత, గొంతు విరుపు ఎక్కడివాడినైనా కూర్చోబెడతాయి. తెలంగాణ ఆశ్రిత కళల్లో బరువంతా కథ మీద ఉంది. జాంబపురాణంలోని వాదం, ఎత్తిపొడుపు తెలుగు రానివాడికి చేరవు. రాజస్థానీ నమూనాను తెచ్చి ఇక్కడ పెడితే సరిపోతుందనేవారు ఈ తేడాను లెక్కలోకి తీసుకోవడం లేదు. మన కళల్లో ఆ నమూనాకు సరిపడేది కిన్నెర ఒక్కటే కావచ్చు. అది ప్రసిద్ధమైనదీ అలాగే: పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథల కన్నా పన్నెండు మెట్ల వాద్యంగానే జనానికి ఎక్కువగా తెలిసింది.

కిన్నెర విషయంలో ఇంకో చిక్కుంది. వెదురు, సొరకాయ బుర్రలు, తేనె మైనం దొరుకుతాయి. పాతకాలంలో మెట్లకు వాడిన అలుగు (పంగోలిన్) పొలుసులు ఇప్పుడు వాడరాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జంతువది. ప్రత్యామ్నాయాలతో చేసినప్పుడు నాదం మారుతుంది. ఇలాంటి వాద్యాలు చేసేది కార్ఖానాలు కాదు, వాయించేవాళ్లే. వాయించేవాడు పోతే చేసేవాడూ పోయినట్టే.

కొత్త పోషకుడు: ప్రభుత్వం

కులం ఖాళీ చేసిన చోటులోకి ప్రభుత్వం వచ్చింది. ఇది కొత్తేమీ కాదు. బుర్రకథను 1940లలో ప్రజానాట్యమండలి రాజకీయ ప్రచారానికి మలిచింది. స్వాతంత్ర్యం తర్వాత కుటుంబ నియంత్రణ నుంచి పొదుపు దాకా ప్రతి పథకానికీ ప్రభుత్వమే బుర్రకథ చెప్పించింది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలు పాటకు ఎంత బలముందో చూపాయి. రాష్ట్రం వచ్చాక తెలంగాణ సాంస్కృతిక సారథి ఏర్పడి సుమారు 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చింది. పల్లె కళాకారుల చరిత్రలో ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ ఉద్యోగంలో పాడవలసింది పథకాల పాట. ఎంపికైనవారిలో ఎక్కువమంది ఉద్యమ గాయకులు, ఆటపాటల కళాకారులు. కులపురాణం చెప్పే వృద్ధుడికి అందులో చోటు దాదాపు లేదు.

పింఛన్ల సంగతి వేరు. కేంద్ర సాంస్కృతిక శాఖ అరవై దాటిన పేద కళాకారులకు నెలకు 6 వేల రూపాయల వరకు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి డప్పు కళాకారులతో సహా కళాకారుల పింఛను 4 వేల రూపాయలు. ఇవన్నీ వ్యక్తికి, వయసుకు, పేదరికానికి ఇచ్చేవి. వృద్ధ కథకుడి పూట గడుస్తుంది. వంత లేనిదే కథ నడవదు, వంతకు వయసు నలభై. అతడు ఏ పథకంలోనూ కళాకారుడు కాడు, మేస్త్రీ దగ్గర కూలి. గురుశిష్య పరంపర పథకం ఒక్కటి గురువుతోపాటు సహవాద్యకారుడికి, శిష్యులకు కూడా ఎంతో కొంత భృతి ఇస్తూ, ఈ అవసరాన్ని కొంత పసిగట్టింది. ఆ మొత్తాలు కూలి రేటుకు చాలా దిగువన ఉండడంతో యువకులను నిలుపలేకపోతోంది.

కాగితాలు మరో అడ్డు. ఊరూరా తిరిగే కుటుంబానికి స్థిర చిరునామా ఉండదు, పిల్లల చదువు నిలవదు. అద్దపువారు, ఏనూటి, గంజికూటి, గౌడజెట్టి, కాకిపడగల, పటంవారు, తెరచీరల వంటి కులాలు చాలాకాలం ఏ రిజర్వేషన్ జాబితాలోనూ లేవు. తెలంగాణ ప్రభుత్వం 2020లో 17 కులాలను వెనుకబడిన తరగతుల జాబితాలో చేర్చినప్పుడే వీటికి చోటు దక్కింది. అందరి పుట్టుక కథలూ చెప్పి అందరి కులాలకూ సాక్ష్యం పలికినవారికి తమ కులానికి కాగితం రావడానికి స్వాతంత్ర్యం తర్వాత డెబ్బై ఏళ్లకు పైగా పట్టింది.

ఎస్సీల్లోని ఆశ్రిత కులాల సంగతిలో 2025 కీలకమైన ఏడాది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణకు అనుమతి ఇచ్చాక, తెలంగాణ చట్టం చేసి 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీలను మూడు గ్రూపులుగా విభజించింది. డక్కలి, మాష్టీ, బుడగ జంగం వంటి 15 అత్యంత వెనుకబడిన కులాలు మొదటి గ్రూపులోకి వచ్చాయి. వాటికి 1 శాతం రిజర్వేషన్. చిందువారు రెండో గ్రూపులో మాదిగల పక్కనే ఉన్నారు. అంటే డక్కలి కుటుంబంలో చదువుకున్న అమ్మాయి ఇక తమ పోషక కులంతో ఉద్యోగానికి పోటీ పడనక్కరలేదు, చిందు కుటుంబంలోని అమ్మాయి పడాలి. ఈ తేడా ఫలితం ఉద్యోగాల లెక్కల్లో తేలడానికి సమయం పడుతుంది. చదువు, ఉద్యోగం అందిన కుటుంబం కథ వదిలేస్తుందని బాధపడేవారు ఉంటారు. కథ చెప్పడం కోసం ఒక కులం పేదరికంలో ఉండాలనడం దానికి అర్థం.

చట్టం కంటికి యాచకుడు, పాటకు యజమాని లేడు

కళాకారుడి పట్ల చట్టం చూపు రెండు చోట్ల తేడాగా ఉంటుంది.

మొదటిది యాచక నిరోధక చట్టాలు. దేశంలో చాలా రాష్ట్రాలకు నమూనా అయిన 1959 నాటి బొంబాయి చట్టం బహిరంగ స్థలంలో పాడడం, ఆడడం, జోస్యం చెప్పడం వంటి నెపాలతో డబ్బు పుచ్చుకోవడాన్నీ యాచన కిందే లెక్కగట్టింది. త్యాగానికీ భిక్షకూ తేడా ఆ నిర్వచనంలో లేదు. ఢిల్లీకి వర్తింపజేసిన ఆ చట్టంలోని కీలక భాగాలను 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. పల్లెలో ఈ చట్టాలు కళాకారులను పెద్దగా తాకలేదు. పోషకుల వెంట పట్టణాలకు వచ్చినప్పుడు తాకాయి. వాడలో హక్కుదారుడైన మనిషి పట్టణ కూడలిలో అనుమానితుడు.

రెండోది కాపీరైటు. 1957 నాటి చట్టం రచయిత ఎవరని అడుగుతుంది. తరాలు కూర్చిన కథకు రచయిత పేరు ఉండదు కాబట్టి సాహిత్యం మీద ఎవరికీ హక్కు లేదు. అయితే 1994 సవరణ ప్రదర్శకుల హక్కును గుర్తించింది. గాయకులు, వాద్యకారులతోపాటు గారడీవాళ్లు, పాములాడించేవాళ్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. తన ప్రదర్శనను రికార్డు చేయడానికి, ప్రసారం చేయడానికి అనుమతించే హక్కు కళాకారుడిదే. అది 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ వాణిజ్య వాడకంలో రాయల్టీ కూడా చేర్చింది. కాగితం మీద ఇది బలమైన హక్కు. ఆచరణలో యూట్యూబ్ చానలు వాళ్లు ఊరికి వచ్చి, ఒక పూట పాడించుకుని, చేతిలో కొంత పెట్టి వెళతారు. ఒప్పందం ఉండదు, ప్రకటనల ఆదాయం ఎంతో కళాకారుడికి తెలియదు. పాట పేరు తెచ్చుకున్నాక పల్లవి సినిమాకు వెళితే గొడవ మొదలవుతుంది. ఆ గొడవ కూడా సాధారణంగా సేకరించినవాడికీ రాసినవాడికీ మధ్యే నడుస్తుంది, పాడినవాళ్ల దాకా రాదు.

యూట్యూబు జానపదం అని జనం వినేదానిలో ఎక్కువ భాగం కొత్తగా రాసి, స్టూడియోలో బాణీ కట్టినవే. వాటికి వేరే బజారు, వేరే గాయకులు ఉన్నారు. కొందరు బాగానే సంపాదిస్తున్నారు. జానపదం బతికే ఉందని ఆ వీక్షణల లెక్క చూపి చెప్పేటప్పుడు ఈ రెండూ వేర్వేరు వృత్తులన్న సంగతి కలగాపులగమవుతుంది.

ముందున్నవి

ఇప్పటి ధోరణి ఇలాగే సాగితే కొన్ని ఫలితాలు ఊహించవచ్చు. ఒంటరిగా వాయించే వాద్యాలకు, ఊరేగింపు కళలకు పిలుపులు పెరుగుతాయి. పెద్ద మేళాల కళలు ఉత్సవాలకు పోగుచేసిన తాత్కాలిక బృందాలుగా మిగులుతాయి. పూజతో ముడిపడిన ఒగ్గు, బైండ్ల కళలు దేవుళ్ల ఆదరణ ఉన్నంతవరకు నిలుస్తాయి. పటం కథ అన్నిటికన్నా బలహీనంగా ఉంది.

సాయం తీరు మార్చితే ఈ అంచనాలో కొంత మారవచ్చు. ఉత్సవ వేదికపై పది నిమిషాలకు ఇచ్చే మొత్తాన్నే వాడలో మూడు రాత్రుల పూర్తి కథకు ఇస్తే వంతకు, వాద్యగాడికి కూడా పని దొరుకుతుంది. పింఛను ఒక వ్యక్తికి కాక మేళానికి, ఏడాదికి ఇన్ని పూర్తి ప్రదర్శనలు అన్న లెక్కతో ఇవ్వడం మరో మార్గం. పోషక కులాల సంఘాలకు పట్టణాల్లో భవనాలున్నాయి, నిధులున్నాయి, సంఖ్యాబలం ఉంది. తమ పురాణం చెప్పే మేళానికి ఏటా కట్టడి చెల్లించడం వాటికి భారం కాదు. పాత ఏర్పాటులోని అవమానాన్ని, వాడ బయటి గుడారాన్ని వదిలేసి చెల్లింపును మాత్రం ఉంచుకోవడం వీలవుతుందా అన్నది ఇంకా పెద్దగా ప్రయత్నించని విషయం.

రికార్డింగు గురించి ఒక జాగ్రత్త. కళాకారుడిని స్టూడియోకు పిలిచి, గంటలో ముగించమని చెప్పి తీసిన దృశ్యాలే ఇప్పటికి ఎక్కువ. వాటిలో వినేవాళ్లు లేరు, వాళ్ల అడ్డు ప్రశ్నలు లేవు, ఇంటిపేర్ల వరుస లేదు. నేర్చుకోవాలనుకునే యువకుడికి రేపు దొరికే పాఠం అదే అయితే, గంట కథే అసలు కథ అని అతడు నమ్ముతాడు, దాన్నే తర్వాతివాళ్లకు నేర్పుతాడు. పూర్తి కథ వచ్చినవారు చాలా కులాల్లో అరవై దాటినవారే. వాళ్లు ఉన్న ఊళ్లోనే, వాళ్ల పోషకుల మధ్యే, వంతలతో సహా మొత్తం కథను తీయడానికి కావలసిన ఖర్చు ఒక చిన్న ప్రభుత్వ ఉత్సవపు పందిరి ఖర్చును మించదు.